రాకెట్టుకు వైండింగ్ వేశాను

మొదటి ప్రయోగంలో రాకెట్టు ముక్కు ఒక్కటే ఎగిరింది. మా అమ్మాయి తాడు లాగగానే ఢబ్బుమని చప్పుడైంది. ఎర్రటి ప్లాస్టిక్ ముక్కు గాలిలోకి లేచి, గట్టు మీది కొబ్బరి చెట్టు మొవ్వులో పడి అక్కడే కూర్చుంది. మిగతా రాకెట్టు, అంటే గొట్టమూ రెక్కలూ, పైపు మీద నుంచి జానెడు ఎత్తు లేచి పక్కకు ఒరిగింది. చూడడానికి వచ్చిన ఆరుగురు పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రయోగమంటే అంతే కాబోలు అనుకున్నారు పాపం.

నాది నరసాపురం దగ్గర మోటారు వైండింగ్ షాపు. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే మా దగ్గరికి వస్తాయి. రాగి తీగ, వార్నిష్, నూలు టేపు, లెదరాయిడ్ కాగితం, వెదురు పుల్లలు: వీటితోనే నా బతుకు. రాకెట్ల గురించి నాకు ఏమీ తెలియదు. మా పెద్దక్క కొడుకు టెక్సాస్ నుంచి ఏప్రిల్‌లో సెలవు మీద వస్తూ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికని ఒక మోడల్ రాకెట్ కిట్టు తెచ్చాడు. అక్కడి నుంచి మొదలైంది ఇదంతా.

డబ్బాలో ఉన్నవి ఇవి. ఒకటిన్నర అడుగుల కాగితపు గొట్టం. బాల్సా చెక్కతో మూడు రెక్కలు. ఊడి వచ్చేలా వదులుగా పెట్టే ప్లాస్టిక్ ముక్కు. పలచటి ప్లాస్టిక్ పారాచూట్. దాన్ని కట్టడానికి మూరెడు రబ్బరు తాడు. మోటారు కూర్చునేందుకు సన్నటి ఇంకో గొట్టం, అట్ట చక్రాలు. బాల్సా చెక్కను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. పెళ్ళిళ్ళలో భాసికాలకు వాడే జీలుగు బెండు కంటే కాస్త గట్టిది, అంతే. గోటితో నొక్కితే గంటు పడుతోంది.

లేనిది మోటారు, అంటే రాకెట్టును పైకి తోసే మందు గొట్టం. దాన్ని ప్రయాణికుల సామానులో విమానం ఎక్కనివ్వరు, లోపల ఉండేది తుపాకి మందు కాబట్టి. మా మేనల్లుడు ఆ సంగతి ముందే చెప్పాడు. “మావయ్యా, దీన్ని బీరువా మీద అలంకారంగా పెట్టుకోవచ్చు” అన్నాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. వీధిలో ఒక పెద్దమనిషి తారాజువ్వ మందు కూరితే సరిపోతుందని సలహా ఇచ్చాడు. దీపావళికి ముందు ఈ జిల్లాల్లో చేతులు కాల్చుకున్నవాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ మాట అక్కడితో ఆపించాను.

నిప్పు లేకుండా ఎగరాలంటే గాలి ఉండాలి. కిట్టులోని గొట్టం లోపలి వ్యాసం కొలిస్తే 32.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. మనం ఇంచి పైపు అని పిలిచే పీవీసీ పైపు బయటి వ్యాసం 32. గొట్టాన్ని పైపు మీద పెడితే ఆ పైపు కోసమే చేసినట్టు జారిపోయింది. మోటారు కోసం ఇచ్చిన లోపలి అమరికను పక్కన పెట్టేశాను. రెండుంబావు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా గాలి ట్యాంకు. దానికి మూడు దారుల టీ పైపు ముక్క ఒకటి, దాని ఒక కొమ్మకు టైరు వాల్వు, ఇంకో కొమ్మకు బాల్ వాల్వు, ఆ పైన నిలువుగా నలభై సెంటీమీటర్ల పైపు. గేజి ఉన్న సైకిల్ పంపుతో గాలి కొట్టి, బాల్ వాల్వు పిడికి కట్టిన తాడును దూరం నుంచి లాగుతాం. ట్యాంకుకు పెద్ద పీవీసీ పైపు వాడమన్నాడు మా ప్లంబరు. పీవీసీ పగిలితే గాజు పెంకుల్లా ముక్కలై ఎగురుతుంది, నీళ్ళకు పనికొచ్చింది గాలికి పనికిరాదని చెప్పి సీసాకే ఖాయమయ్యాను. కూల్‌డ్రింక్ సీసా లోపలి గ్యాసు ఒత్తిడిని ఓర్చుకునేలా చేసినదే. అయినా దానికి తడిపిన గోనెపట్టా చుట్టాం, 30 పీఎస్‌ఐ దాటి ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఇక ముక్కు ఎందుకు ఊడిందంటే, అలా ఊడడమే దాని పని. అసలు మోటారుతో ఎగిరేటప్పుడు మంట అయిపోయాక కొన్ని సెకన్లు ఆగి, చివర్లో ఒక చిన్న మందు పేలి ముక్కును నెట్టేస్తుంది, దానితో పారాచూట్ బయటికి వస్తుంది. ముక్కు గట్టిగా బిగిస్తే పారాచూట్ రాదు. నాకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నా పద్ధతిలో గాలి ముక్కును లోపలి నుంచి నెట్టాలి, ముక్కు మిగతా రాకెట్టును లాక్కుపోవాలి.

ఆ సాయంత్రం షాపులో కాగితం మీద లెక్క వేశాను. 30 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైన. పైపు అడ్డుకోత వైశాల్యం ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే పదహారు కిలోలు, అంటే దాదాపు 160 న్యూటన్లు. ఈ కిట్టుకు డబ్బా మీద సూచించిన పెద్ద మోటారు సీ6. అందులో 6 అంటే సగటు తోపుడు ఆరు న్యూటన్లని మా మేనల్లుడు చెప్పాడు. అది ఒకటిన్నర, రెండు సెకన్ల పాటు మెల్లగా తోస్తుంది. నాది కళ్ళు మూసి తెరిచేలోపు, దానికి ఇరవై అయిదు రెట్ల పైన. వాల్వు తెరుచుకోవడంలో, సందుల్లో కొంత పోతుందనుకున్నా, ఆరు న్యూటన్ల కోసం చేసిన వస్తువును పట్టుకుని పదహారు కిలోల గుద్దు గుద్దుతున్నానన్న మాట. ఇది తెలిసిన తరువాత ఏది విరిగినా కిట్టును తిట్టలేదు.

ముక్కు కింద అడ్డుబిళ్ళ పెట్టాను. మోటారు టెర్మినల్ బోర్డులకు వాడే హైలం షీటు మూడు మిల్లీమీటర్లది, గుండ్రంగా కోసి, అంచు అరగదీసి, గొట్టం పై అంచు నుంచి మూడు వేళ్ళ లోతున ఆరల్డైట్‌తో కూర్చోబెట్టాను. కాగితం లోపలి పొర ఒక్కటే బరువంతా మోయకుండా బిళ్ళ పైన నాలుగు వెదురు మేకులు అడ్డంగా దించాను. కొబ్బరి చెట్టు మొవ్వులో చిక్కిన ముక్కును దింపు కార్మికుడు కాయలతో పాటు దించి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు, ఇంకోసారి ఎప్పుడు వదులుతారని మాత్రం అడిగాడు.

రెండో ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు మళ్ళీ చేలోకి వెళ్ళాం. మాకు పొద్దున్న తప్ప వేళ లేదు. పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలై ఏది వదిలినా పడమటి చెరువుల వైపు తోసుకుపోతుంది. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, చేలన్నీ ఖాళీ. కరెంటు తీగలు లేని చోటు వెతుక్కోవడమే కష్టం, చెరువులు వచ్చాక తీగలు లేని గట్టు మిగల్లేదు.

ఈసారి బిళ్ళ నిలిచింది. రాకెట్టు లేచింది, కొబ్బరి చెట్టు అంత ఎత్తుకు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ప్రెషర్ కుక్కరులా కూత పెట్టింది. అడ్డంగా తిరిగి వచ్చి గట్టి నేల మీద పడింది. ఎత్తి చూస్తే బిళ్ళకు కాస్త కింద గొట్టం అతుకు రెండంగుళాల మేర విచ్చుకుని ఉంది. కిట్టు గొట్టాలు సన్నటి కాగితపు పట్టీలను ఏటవాలుగా మెలి తిప్పి చుట్టినవి. బయటి నుంచి నొక్కితే బాగా ఓర్చుకుంటాయి, లోపలి నుంచి ఉబ్బిస్తే ఆ మెలి అతుకే మొదట తెరుచుకుంటుంది. దానికి తోడు రాత్రంతా రాకెట్టు వసారాలో ఉంది. మా ఊళ్ళో వసారాలో పెట్టిన అప్పడాలే పొద్దుటికి మెత్తబడతాయి, కాగితం ఎంత. ఒక రెక్క కూడా విరిగింది, చెక్క ఈనె వెంబడి, కత్తితో కోసినంత నున్నగా.

మా ఎదురింటి పిన్ని లేసు అల్లుతుంది. నరసాపురం లేసు సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు, 19వ శతాబ్దంలో మిషనరీల వల్ల ఈ ప్రాంతానికి వచ్చిన పని, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. విచ్చుకున్న గొట్టం పట్టుకుని నేను అరుగు మీద కూర్చుంటే పిన్ని చూసి, “దానికి దారం చుట్టకూడదా నాయనా, నువ్వు చేసేది చుట్టే పనేగా” అంది. నా పని నాకు ఇంకొకరు గుర్తు చేయాల్సి వచ్చింది. తన బుట్టలోంచి తెల్లటి నూలు దారం ఉండ ఒకటి తీసి ఇచ్చింది. వల కట్టే నైలాను దారం బజారులో దొరుకుతుంది, అది ఇంకా బలమైనది కూడా. కాని నైలాను సాగుతుంది, వార్నిష్ పీల్చదు. నూలు పీల్చుకుని కర్రలా బిగుస్తుంది. వైండింగ్‌లో మేం కాయిల్ చివరలను నూలు దారంతో కట్టేది అందుకే.

కాయిల్స్ చుట్టే చేతి మిషన్ ఉంది, తిప్పిన చుట్లు లెక్కపెట్టే కౌంటరుతో సహా. విచ్చుకున్న చోట లోపలి నుంచి ఫెవికాల్ రాసి మూసి, గొట్టం వంగకుండా లోపల ఇంచి పైపు ముక్క దూర్చి, మిషన్‌కు బిగించాను. కౌంటరు సున్నా చేసి చుట్టడం మొదలుపెట్టాను. దారాన్ని ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కి పట్టుకోవాలి, పక్కపక్కనే పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పైన మూడు అంగుళాల మేర నూట యాభై చుట్లు పడ్డాయి. ఇరవై అయిదేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి రాగి తీగ అనుకుని చుట్టేశాను. తరువాత కుంచెతో వైండింగ్ వార్నిష్ పూసి, రెండు వందల వాట్ల బల్బు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

పొద్దున్న వచ్చి చూస్తే గొట్టం రాయిలా ఉంది. లోపలి పైపు రావడం లేదు. తిప్పాను, గుంజాను, వేడి నీళ్ళలో పెట్టాను. వార్నిష్ దారం గుండా, కాగితం అతుకుల గుండా ఇంకి పైపుకు పట్టేసింది. చివరకు థిన్నరులో నానబెడితే పైపు బయటపడింది, గొట్టం మాత్రం పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అంతా చూసి, “గురువుగారూ, స్లాటులో లెదరాయిడ్ వేయకుండా తీగ చుట్టారు మీరు” అన్నాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు వాడికి నేను చెప్పిన పాఠం అది. స్లాటు అంటే మోటారు ఇనుములో తీగ కూర్చునే గాడి, ఆ ఇనుముకూ తీగకూ మధ్య లెదరాయిడ్ కాగితం ఉండాలి, లేకపోతే మోటారు పోతుంది. వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

కిట్టులో గొట్టం ఒక్కటే. అందుకని కొత్తది మేమే చేశాం. అమ్మాయి తన నోటు పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం ఇచ్చింది. ఈసారి ముందు పైపు మీద పాలిథిన్ కవరు ఒక చుట్టు. దాని మీద నీళ్ళు కలిపి పలచన చేసిన ఫెవికాల్ పూసుకుంటూ కాగితం అయిదు చుట్లు, ఏటవాలుగా కాకుండా నిటారుగా, చాప చుట్టినట్టు. చుట్టేటప్పుడు తడి గుడ్డతో మధ్య నుంచి అంచులకు తోసుకుంటూ పోవాలి, గాలి బుడగ మిగిలితే అక్కడ పొర లేస్తుంది. గంట తరువాత పూర్తిగా ఆరకముందే పైపు మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి వదులు చేసుకోవాలి. ఇది రెండో గొట్టం పాడైతే గాని తెలియలేదు, పూర్తిగా ఆరేదాకా ఆగితే కాగితం బిగిసి పాలిథిన్‌ను కూడా కరుచుకుంటుంది. మూడోది కుదిరింది. బిళ్ళ చోట మూడు అంగుళాలు, తోక దగ్గర రెండు అంగుళాలు లేసు దారం చుట్టి, నడుమ కాగితాన్ని అలాగే వదిలేశాం. మొత్తం చుడితే బరువు పెరుగుతుంది, నడుమ పగిలే అవసరమూ లేదు. వార్నిష్ రెండు పూతలు బయటంతా, లోపల తోక దగ్గర ఒక పూత. లోపలి పూతకు వ్యాసం తగ్గి పైపు పట్టేసింది, పైపును గరుకు కాగితంతో రుద్ది సరిచేశాం. గొట్టాన్ని తిరిగి తడిపే ఆలోచన కంటే పైపును అరగదీయడం సులువు.

రెక్కల విషయంలో మా మేనల్లుడు ఫోనులో ఒక ఉపాయం చెప్పాడు. బాల్సాకు రెండు వైపులా కాగితం అంటించాలి, అక్కడివాళ్ళు అందరూ చేసేదే అది. మామూలు తెల్ల కాగితం, పలచటి జిగురు. రెండు వైపులా ఒకేసారి అంటించాలి, ఒక వైపు అంటించి ఆరబెడితే జిగురు ఆరే కొద్దీ కాగితం లాగి రెక్క అప్పడంలా వంగుతుంది. అంటించి పాలిథిన్ ముక్కల మధ్య పెట్టి పైన బరువు వేయాలి. నేను ఒక హెచ్‌పీ మోటారు స్టేటరు పెట్టాను. మర్నాడు తీసి చూస్తే ఆ బెండు లాంటి చెక్క పోస్టుకార్డుల కట్టలా టకటకమంటోంది. బరువు పెద్దగా పెరగలేదు, వంచితే మాత్రం మూడింతలు ఓర్చుకుంటోందని అనిపించింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. స్లాటుల్లో తీగ పైకి లేవకుండా దించే వెదురు పుల్లలు షాపు నిండా ఉన్నాయి కదా అని ప్రతి రెక్క ముందంచుకూ ఒకటి, వెనకంచుకూ ఒకటి అంటించాను. గొట్టం దగ్గర రెక్కకు రెండు వైపులా ఎం-సీల్ పూసి వేలితో గుండ్రంగా నొక్కాను. చూడడానికి ఎంత దిట్టంగా ఉందంటే, బల్ల మీద పెట్టి చేత్తో గట్టిగా నొక్కినా రెక్క కదల్లేదు.

మా వీధి చివర బంగారు కొట్టులో తూచితే 91 గ్రాములు. కిట్టులో ఉన్నవి ఉన్నట్టు అతికించినప్పుడు 55 గ్రాములు ఉండేది. కొట్టు ఆయన బిల్లు రాయనా అని నవ్వాడు.

ఆ మూడో ప్రయోగం చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పైపు వదలగానే రాకెట్టు తలకిందులైంది, మళ్ళీ లేచింది, మళ్ళీ తలకిందులైంది, చక్రభ్రమణం చేసుకుంటూ వెళ్ళి పక్క ఆసామి చేపల చెరువులో పడింది. విరగలేదు, పగలలేదు, అంత గట్టిగా చేశాం. ఎగరడం మాత్రం చేతకాలేదు. చెరువు ఆసామి మేత వేసే పడవలో వెళ్ళి తెచ్చి ఇస్తూ, “నా చేపలు బెదిరితే మేత ముట్టవు, తెలుసా” అని కోప్పడ్డాడు. ఆయన మాట నిజమే. తరువాతి వారం నుంచి రెండు చేలు అవతలికి మారాం. ఒక్కటి తృప్తి, పావుగంట నీళ్ళలో తేలినా వార్నిష్ పూసిన గొట్టం మెత్తబడలేదు.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. రాకెట్టు నిటారుగా పోవాలంటే దాని బరువు కేంద్రం ముందుండాలి, గాలి పట్టే కేంద్రం వెనక ఉండాలి. రెండింటికీ మధ్య కనీసం గొట్టం వ్యాసమంత, అంటే మాకు 34 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని లెక్క. బరువు కేంద్రం తెలుసుకోవడం తేలిక, దారానికి వేలాడదీసి సమంగా నిలిచిన చోట గుర్తు పెట్టడమే. గాలి కేంద్రానికి ఇంట్లో చేసుకునే ఉపాయం ఒకటుంది. రాకెట్టును అట్ట మీద పడుకోబెట్టి చుట్టూ గీసి, ఆ బొమ్మను కత్తిరించి, ఆ అట్ట వేలి మీద ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఇది అసలు కేంద్రం కంటే కాస్త ముందుకే చూపిస్తుంది కాబట్టి భద్రమైన లెక్క. మా అట్ట నిలిచిన చోటూ, రాకెట్టు నిలిచిన చోటూ దాదాపు ఒకటే. వెదురు, ఎం-సీల్ అంతా తోకలోనే పోసుకుంటూ పోయాం మరి. గట్టిదనం కోసం పెట్టిన ప్రతి గ్రామూ బరువు కేంద్రాన్ని వెనక్కి లాగింది.

వెనకంచు వెదురు పుల్లలు చెక్కేశాను. ఎం-సీల్ గీకి, దాని బదులు ఫెవికాల్ మూడు పూతలు పలచగా వేశాను, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి. ముక్కుకు బరువు కావాలి. విసురువలకు కట్టే సీసపు గుళ్ళు గుప్పెడు తెచ్చాడు మా కుర్రాడు. ముక్కులో సీసం పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఈ ఆటలో ముక్కు, గొట్టం, రెక్కలు ఏవీ లోహంతో చేయకూడదనేది అమెరికాలో కూడా ఉన్న నియమం. మాకు పారాచూట్ లేదు. పైకి వెళ్ళింది ముక్కు కిందుగా అలాగే దిగుతుంది. కొబ్బరి చెట్టుకు రెండింతల ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 90 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ గట్టి ప్లాస్టిక్ ముక్కు కూడా నాకు అంతకుముందు నుంచే నచ్చలేదు.

అరిగిపోయిన హవాయి చెప్పులు మూడు జతలు పోగేశాం. అడుగు భాగాలను గుండ్రటి బిళ్ళలుగా కోసి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర తెచ్చిన బంకతో ఒకదాని మీద ఒకటి అంటించాం. తెలుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ. ఈ రొట్టెల దొంతరను గ్రైండింగ్ మిషన్ ఎమరీ చక్రం మీద తిప్పితే గుండ్రటి ముక్కు తయారైంది, షాపంతా రబ్బరు పొట్టు. మా వేగాలకు ముక్కు సూదిగా ఉండాల్సిన పని లేదు, గుండ్రంగా ఉంటే చాలు. బరువు కోసం చెప్పు బిళ్ళలకూ హైలం బిళ్ళకూ మధ్య ఎం-సీల్ ముద్ద ఒకటి. కాగితం, చెక్కలతో చేసి మళ్ళీ మళ్ళీ ఎగరేసే ఈ బొమ్మ రాకెట్లకు 1954లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో రూపం ఇచ్చిన ఓర్విల్ కార్లైల్ చెప్పుల దుకాణం నడిపేవాడట. ఆ ముక్క మా మేనల్లుడు చెప్పగానే మా అమ్మాయి ఆకుపచ్చ బిళ్ళ మీద పెన్నుతో ఆయన పేరు రాసింది.

ఎగరేసే ముందు ఇంకో పరీక్ష చేశాం. బరువు కేంద్రం దగ్గర పొడుగాటి దారం కట్టి, తల చుట్టూ వడిసెల తిప్పినట్టు తిప్పాలి. ముక్కు ముందుకు చూస్తూ తిరిగితే మంచిది, అడ్డం తిరిగితే ఎగరేయవద్దని అర్థం. షాపు ముందు రోడ్డు మీద తిప్పాను. మొదట తడబడింది, నాలుగో చుట్టుకు ముక్కు ముందుకు పెట్టి కుదురుగా తిరిగింది. ఏరేటరు మోటారు ఆటోలో వేసుకుని వచ్చిన ఒక రైతు దిగకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. “మోటారు రేపు ఇస్తారా, ఈ పనిలో ఉంటారా” అన్నాడు. బంగారు కొట్టులో ఈసారి 96 గ్రాములు.

నాలుగోది నిటారుగా వెళ్ళింది. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, బాగా జరిగిన పనికి కథ ఉండదు. తాడు లాగడం, చప్పుడు, పైన ఒక క్షణం ఆగినట్టు కనిపించడం, తిరిగి రావడం, అంతా కలిపి అయిదు సెకన్లు. ముక్కు నేలను తాకి మోకాలెత్తు ఎగిరి పక్కకు పడింది. చెప్పు బిళ్ళల మీద మట్టి మరక తప్ప ఏమీ లేదు. ఆ పొద్దున్నే వరసగా ఐదు సార్లు వదిలాం.

జూన్ వచ్చేలోపు మొత్తం పధ్నాలుగు సార్లు ఎగిరింది. పదకొండోసారి మాత్రం కొత్త రకంగా దెబ్బ తిన్నది. మే నెల చివరికి మా నల్లమట్టి చేలు బీటలు వారి, కొన్ని నెర్రెల్లో చేయి మోచేతి దాకా దిగుతుంది. రాకెట్టు తిన్నగా వచ్చి అలాంటి నెర్రెలో ముక్కు పెట్టింది. రెక్కల దాకా లోపలికి వెళ్ళి, నెర్రె అంచులకు తగిలి రెండు రెక్కలు ఊడాయి. చెక్క విరగలేదు, జిగురు వీడలేదు. రెక్క మొదట్లో ఫెవికాల్ పట్టుకున్న ఖాకీ కాగితం పై పొర చెక్కుకుని వచ్చేసింది. నేను రెక్కనూ అతుకునూ గట్టి చేసుకుంటూ పోతే, మిగిలిన బలహీనమైన చోటు కాగితం పొరలే అయ్యాయి. రెక్కల మొదళ్ళను మళ్ళీ అంటించి, రెక్కకు ముందూ వెనకా గొట్టం చుట్టూ లేసు దారం పది పది చుట్లు వేసి, రెక్క మీదుగా అడ్డంగా ఒక చుట్టు తెచ్చి ముడి వేశాను. కాయిల్ చివర కట్టే ముడే. మూడు గ్రాములైనా పెరగకుండా ముందంచు వెదురు పుల్లలను కూడా సగానికి చీల్చాను. తూచితే మళ్ళీ 96.

కిట్టుతో వచ్చినవాటిలో ఇప్పుడు రాకెట్టులో ఉన్నవి బాల్సా రెక్కల నడిమి చెక్క, పక్కన అంటించిన స్టిక్కరు. మా మేనల్లుడు వీడియోలో చూసి ఏ కంపెనీది మావయ్యా ఇది అని అడిగాడు. ఎర్రటి ప్లాస్టిక్ ముక్కులో మా ఆవిడ కరివేపాకు మొక్క నాటింది.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆకుమళ్ళు దున్ని నీళ్ళు పెట్టేశారు, మాకు చేలు అయిపోయినట్టే. చివరిసారిగా ఒక పొద్దున్న గట్టు మీద నుంచే వదిలాం. గాలి అనుకున్నదానికంటే ఉంది, రాకెట్టు ఆకుమడిలో పడింది. చీలమండ లోతు నీళ్ళు, కింద బురద. అమ్మాయి చెప్పులు విడిచి దిగి, రెక్కలు పట్టుకుని పైకి లాగింది. ముక్కు ఎక్కడుందో తెలియనంత బురద. కాలువలో కడిగి, షాపులో బల్బు కింద ఒక పూట ఆరబెట్టి, బంగారు కొట్టుకు తీసుకెళ్ళాం. 98 చూపించింది. అమ్మాయి నా ముఖంలోకి చూసింది, కాగితం నీళ్ళు తాగిందేమోనని. కొట్టు ఆయన అగ్గిపుల్ల ఒకటి ఇచ్చాడు. తోక లోపల ఎండిన మట్టి పెళ్ళ ఉంది, గీకి తీసి మళ్ళీ తక్కెడ మీద పెట్టాం. 96.